వయసైన బ్రీడర్ పెట్టల మేతలో నూనె ఎలా వాడాలి?

బ్రీడర్ పెట్టలు, అంటే పిల్లల కోసం గుడ్లు పెట్టించే పెట్టలు, 45 వారాలు దాటాయంటే ఆ గుడ్లు పొదిగించే హ్యాచరీ నుంచి ఫోన్లు మొదలవుతాయి, పిల్లలు తగ్గుతున్నాయండీ ఏం చేస్తున్నారు అని. వెంటనే మనం చేసే పని ఫీడ్‌లో నూనె పెంచడం. నూనె వల్ల లాభం ఉన్నమాట నిజమే, కానీ ముసలి పెట్టకి కావాల్సింది ఎక్కువ నూనె కాదు, వేరే రకం నూనె. అది తెలియక 52 వారాల బ్యాచ్‌కి నూనె పెంచేసిన షెడ్డు ఒకటి నేను దగ్గరుండి చూశాను, నెల తిరిగేసరికి పెట్టలు బరువెక్కి రోజూ ఒకటీ రెండూ పడిపోయేవి, కోసి చూస్తే లివర్ పసుపు రంగులో, వేలితో నొక్కితే పొడిపొడి అయిపోయేలా ఉంది, పైన రక్తం గడ్డ కట్టి ఉంది. ఆ లివర్‌లోనే కదా పచ్చసొనకి కావాల్సిన కొవ్వు అంతా తయారయ్యేది, అది పాడైతే ఇంక గుడ్డెక్కడిది.

ముందు తప్పు పెట్టదా పుంజుదా చూడండి

ఇది వదిలేసి నూనె జోలికి వెళ్లొద్దు. ఆ రోజు పెట్టిన గుడ్లు ఓ 30 తీసుకుని పళ్లెంలో ఒక్కొక్కటీ పగలగొట్టండి. పచ్చసొన మీద చిన్న తెల్ల మచ్చ కనిపిస్తుంది, పైకి రాకపోతే సొనని మెల్లగా తిప్పండి. మచ్చ గుండ్రంగా, 4-5 మిల్లీమీటర్లు ఉండి, మధ్యలో కాస్త పలచగా చుట్టూ రింగులాగా ఉంటే గుడ్డు కట్టినట్టు, అంటే పుంజు కలిసి పిండం మొదలైన గుడ్డు. చిన్నగా, చిక్కటి తెలుపుతో, అంచులు వంకరటింకరగా ఉంటే కట్టలేదు. కట్టనివి ఎక్కువుంటే సమస్య పుంజుల్లో ఉంది, వాటి బరువు, కాళ్లు చూసుకోవాలి, పెట్టల ఫీడ్‌లో ఎంత నూనె పోసినా అది మారదు. కట్టినవి బాగానే ఉండి, హ్యాచరీలో క్యాండ్లింగ్‌లో (గుడ్డుని లైటు ముందు పెట్టి లోపల చూడటం) తీసేసిన గుడ్లు పగలగొడితే లోపల రక్తపు రింగు కనిపిస్తుంటే మాత్రం పిండం మొదట్లోనే చనిపోతోందని అర్థం. అలాంటప్పుడు గుడ్ల స్టోరేజీ, ఇంక్యుబేటర్ సరిగ్గా ఉన్నాయో లేదో కూడా కనుక్కోండి, అవి బాగుంటే పెట్ట మేత గురించి ఆలోచించాలి.

పెట్టని చేత్తో పట్టుకోండి

షెడ్డులో అక్కడక్కడా ఓ 50 పెట్టల్ని తూచి, కింద తోక వైపు పొట్ట తడిమి చూడండి. మెత్తగా, దళసరిగా కొవ్వు పట్టి ఉంటే ఆ బ్యాచ్‌కి అదనపు నూనె వద్దే వద్దు, ఉన్న నూనె రకం మార్చుకుంటే చాలు.

ఏ నూనె?

పచ్చసొనలో మూడో వంతు కొవ్వే, 21 రోజులూ పిండానికి శక్తి దాదాపుగా దాన్నుంచే. మనం ఏ నూనె పెట్టినా సొనలో గట్టి కొవ్వుల వాటా పెద్దగా మారదు, మారేది లినోలిక్, ఒమేగా-3 లాంటి పలచటి కొవ్వులే, అందుకే రకం ముఖ్యం అంటున్నాను.

సోయా నూనెలో సగానికి పైన లినోలిక్ ఆమ్లమే ఉంటుంది, తవుడు నూనెలో మూడో వంతు, పామాయిల్‌లో పదో వంతు. లినోలిక్ గుడ్డు సైజు పెంచుతుంది. పడుచు పెట్టకి అది మంచిదే కానీ ముసలి పెట్ట గుడ్డు అసలే 70 గ్రాముల దగ్గరికి వచ్చి ఉంటుంది, పెంకుకి పెట్టే కాల్షియం మాత్రం పెద్దగా పెరగదు, అదే పెంకు పెద్ద గుడ్డు మీద సాగి పలచబడుతుంది, పగుళ్లు వస్తాయి, హ్యాచ్ (గుడ్ల నుంచి పిల్లలు వచ్చే శాతం) పడిపోతుంది. ఫీడ్‌లో మొక్కజొన్న 60 శాతం ఉంటే అవసరమైన 1 శాతం లినోలిక్ దాన్నుంచే వచ్చేస్తుంది, దాని మీద సోయా నూనె దండిగా పోయక్కర్లేదు. మొక్కజొన్న రేటు పెరిగినప్పుడు నూకలు వాడే వాళ్ల సంగతి వేరు, నూకల్లో కొవ్వు దాదాపు లేదు కాబట్టి వాళ్లకి సోయా నూనెగానీ తవుడు నూనెగానీ తప్పదు.

నేనైతే 1 శాతం తవుడు నూనె, దానికి తోడు అర శాతం అవిసె నూనె లేదా చేప నూనె చెప్తాను. ఈ రెండింటిలో ఒమేగా-3 ఉంటుంది, పిండం మెదడుకి, కంటికి అది కావాలి. చేప నూనె మంచిదని 2-3 శాతం పోసేయొద్దు, అది చాలా తొందరగా పాడయ్యే నూనె, ఎక్కువైతే మేలు కన్నా కీడే.

పత్తి గింజల నూనె మాత్రం బ్రీడర్ ఫీడ్ దరిదాపులకి రానివ్వొద్దు. గుంటూరు, వరంగల్ వైపు చవగ్గా దొరుకుతుంది కదా అని చూడకండి. అందులో ఉండే ఒక రకం కొవ్వు వల్ల పచ్చసొన గట్టిపడి ముద్దలా అవుతుంది, స్టోరేజీలో తెల్లసొన గులాబీ రంగుకి తిరుగుతుంది, హ్యాచ్ కూలిపోతుంది. హోటళ్లలో కాచి వాడేసిన నూనె కూడా వద్దు.

లెక్క

1000 పెట్టలు, పెట్టకి 150 గ్రాములు అంటే రోజుకి 150 కేజీల ఫీడ్, అందులో 1.5 శాతం అంటే 2 కేజీల 250 గ్రాముల నూనె. ఫీడ్‌లో ఇప్పటికే పామాయిల్ 1.5 శాతం ఉంటే దాన్ని తీసేసి ఇది పెట్టండి, లెక్క అయిపోయింది. నూనె అసలు లేకపోతే జాగ్రత్త, కేజీ నూనెలో శక్తి మొక్కజొన్న కంటే రెండున్నర రెట్లు. 100 కేజీల ఫీడ్‌లో సుమారు 7 కేజీల మొక్కజొన్న తీసేసి, 1.5 కేజీల నూనె, 5.5 కేజీల నూనె తీసిన తవుడు వేస్తే మొత్తం శక్తి పాతదే ఉంటుంది, పెట్ట కొవ్వెక్కదు. మీ ఫార్ములా వేరుగా ఉంటే మీ న్యూట్రిషనిస్టుతో ఒకసారి లెక్క సరిచూయించుకోండి.

కలపడం

నూనెని నేరుగా మిక్సర్‌లో ఒకచోట గుమ్మరిస్తే ఉండలు కడుతుంది, ఒక పెట్టకి నూనె ముద్ద, ఇంకో పెట్టకి ఏమీ ఉండదు. ముందు ఓ 10 కేజీల నలగ్గొట్టిన మొక్కజొన్నకి నూనె పట్టించి, పొడి దినుసులన్నీ బాగా కలిశాక అది వేసి ఇంకో నాలుగైదు నిమిషాలు తిప్పండి. గుప్పిట్లో పట్టి వదిలితే ఫీడ్ ఉండగా నిలబడకుండా రాలిపోవాలి. ఎండాకాలం మన దగ్గర 42, 43 డిగ్రీలు ఉంటుంది కాబట్టి వారానికి మించి కలిపి పెట్టొద్దు. డబ్బా మూత తీయగానే ఘాటు వాసన వస్తే ఆ నూనె పారేయండి, డబ్బు పోయిందని ఆలోచించొద్దు.

విటమిన్ ఈ

పలచటి కొవ్వులు గాలికీ వేడికీ పాడవుతాయి, పెట్ట ఒంట్లో కూడా అంతే, కాపు కాసేది విటమిన్ ఈ. కేజీ ఫీడ్‌కి 100 యూనిట్లు ఉండేలా చూడండి. మార్కెట్లో దొరికే 50 శాతం పొడి అయితే టన్నుకి 200 గ్రాములు, మీ ప్రీమిక్స్‌లో (ఫీడ్‌లో కలిపే విటమిన్ల మిశ్రమం) ఇప్పటికే ఎంత ఉందో లేబుల్ చూసి మిగతాదే కలపండి. ఇది లేకుండా చేప నూనె మొదలుపెట్టడం కన్నా మొదలుపెట్టకపోవడమే నయం.

పెంకు కోసం సాయంత్రం 3-4 గంటలకి పెట్టకి 4-5 గ్రాముల గవ్వల గ్రిట్ చల్లండి, పెంకు కట్టేది రాత్రిపూట, అప్పటికి కడుపులో కాల్షియం ఉండాలి. మొత్తం కాల్షియం ఫీడ్‌తో కలిపి లెక్కేసుకోవాలి. పుంజులకి ఇది వద్దు, వాటి ఫీడ్ వేరేగానే ఉండాలి.

ఎప్పుడు తెలుస్తుంది?

పచ్చసొన తయారవడానికే 8-10 రోజులు పడుతుంది, ఆ తర్వాత గుడ్డు, పొదుగు 21 రోజులు, కాబట్టి ఐదారు వారాల ముందు ఏమీ తేలదు. పది రోజులకే ఫలితం లేదని నూనె మార్చేసే వాళ్లని చాలా మందిని చూశాను, దయచేసి అలా చేయకండి. వీలైతే ఒక షెడ్డుకి కొత్త నూనె, అదే వయసున్న పక్క షెడ్డుకి పాత ఫీడే ఉంచండి. వారం వారం గుడ్డు బరువు, పగిలిన గుడ్లు, పెట్టల బరువు, క్యాండ్లింగ్‌లో తీసేసినవాటిలో కట్టనివెన్ని, రక్తపు రింగువెన్ని, ఇవన్నీ నోట్‌బుక్‌లో రాయండి. ఆరో వారానికి రింగు గుడ్లు తగ్గితే కొనసాగించండి, తగ్గకపోగా పెట్ట బరువు పెరుగుతుంటే ఆపేసి పాత ఫీడ్‌కి వచ్చేయండి.