కాల్పుల వీడియో చూసి తీర్పు చెప్పే ముందు

పోలీసు కాల్పుల వీడియో బయటికి రాగానే అందరి కళ్లూ తుపాకీ పేలిన ఆ క్షణం మీదే ఉంటాయి. మీరు మాత్రం వీడియోను వెనక్కి తిప్పండి, తప్పు జరిగి ఉంటే అది చాలాసార్లు అంతకు ముందే మొదలవుతుంది.

కంట్రోల్ రూమ్‌కి వచ్చిన ఫోన్ నుంచి మొదలుపెట్టండి. ఏం చెప్పారు, అందులో ఎంత పోలీసుల చెవిన పడింది? 2014లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 12 ఏళ్ల తమీర్ రైస్‌ని పోలీసులు కాల్చేశారు. ఫోన్ చేసినతను పిల్లాడి చేతిలోని తుపాకీ గురించి చెబుతూ అది బహుశా నకిలీదేమో, పట్టుకున్నది పిల్లాడేమో అన్నాడు, కానీ ఆ ముక్క కారులో ఉన్న పోలీసులకు అందలేదు. వాళ్లు కారును నేరుగా పిల్లాడి దగ్గరికే తెచ్చి ఆపారు, రెండు సెకన్లలోపే కాల్పులు. ఆ రెండు సెకన్లే చూస్తే ఆఫీసర్‌కి ఆలోచించే టైమ్ ఎక్కడిది అనిపిస్తుంది, నిజమే, కానీ ఆ టైమ్ లేకుండా చేసింది కారు ఆపిన తీరే. దూరంగా ఆపి, కారు చాటున నిలబడి, గట్టిగా పిలిచి ఉంటే?

కాబట్టి ప్రతి నిర్ణయం దగ్గరా వీడియో ఆపి అడగండి: ఆ నిమిషానికి ఆఫీసర్‌కి ఏం తెలుసు? ఇంకో దారి ఉందా? బ్యాకప్ కోసం ఆగొచ్చా? మనకి తర్వాత తెలిసిన సంగతులు అతని నెత్తిన రుద్దకూడదు. అమెరికా సుప్రీంకోర్టు పోలీసుల బలప్రయోగం గురించిన గ్రాహమ్ కేసులో 1989లో చెప్పింది ఇదే. అలాగని ఆఖరి క్షణం ఒక్కటే చూస్తే చాలదు, మొత్తం పరిస్థితి చూడాలని 2025లో బార్న్స్ కేసులో అదే కోర్టు తేల్చింది.

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన అది మంచి నిర్ణయం అయిపోదు. నేరమా కాదా అన్నది వేరు, ఇంతకంటే బాగా చేయగలిగేవాడా అన్నది వేరు, రెండూ విడివిడిగా రాసుకోండి. నా మటుకు రెండోదే ముఖ్యం, రేపు ఇంకొకరి ప్రాణం కాపాడేది అదే.

బాడీ కెమెరాని పూర్తిగా నమ్మకండి. అది ఛాతీ మీద ఉంటుంది, ఆఫీసర్ చూపు ఎటు ఉందో చెప్పదు, వెడల్పు లెన్స్ వల్ల మనిషి ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తాడు. ఇంకో కోణం నుంచి తీసిన వీడియో ఉంటే రెండింటినీ టైమ్ ప్రకారం పక్కపక్కన పెట్టి చూడండి.

కాల్పులు ఆగగానే వీడియో కట్టేయకండి. గాయపడినవారికి వీలైనంత త్వరగా వైద్యసాయం అందాలని 1990 నాటి ఐక్యరాజ్యసమితి సూత్రాలు చెబుతున్నాయి, కాబట్టి మొదటి చేయి గాయం మీద ఎప్పుడు పడిందో ఆ టైమ్ కూడా రాసుకోండి.