వారంటీ అయిపోయాక కంప్యూటర్ పాడైతే కంపెనీని ఎలా నిలదీయాలి?

వారంటీ ముగిసిన నెలకే ల్యాప్‌టాప్ ఆగిపోతే సర్వీస్ సెంటర్‌లో వినిపించేది ఒకటే మాట: "డేట్ అయిపోయిందండీ, మదర్‌బోర్డు మార్చాలి, డబ్బు కట్టాలి." నెలే కదా దాటింది అని బతిమాలితే పని జరగదు. లోపం వారంటీలో ఉండగానే మొదలైందనో, తయారీలోనే ఉందనో కాగితం మీద చూపించాలి. రెండిట్లో ఏదీ లేకపోతే తగ్గింపు అడగొచ్చు, అంతే. హక్కుగా నిలదీయడానికి బలం చాలదు.

1. ముందు డేటా కాపాడుకోండి

మెషీన్ ఇంకా ఆన్ అవుతుంటే ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. కొన్ని సన్నని ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీని (ఫైళ్లు దాచే డిస్క్) బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. బోర్డు మారిస్తే డేటా దానితోనే పోతుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి. బోర్డు మారాక విండోస్ దాన్ని అడుగుతుంది, అది లేకపోతే డిస్క్ బాగున్నా తెరుచుకోదు.

2. లోపం మొదలైన తేదీ పట్టుకోండి

వివాదం గెలిచేది ఇక్కడే. మెషీన్‌లో ఎప్పుడేం జరిగిందో చూపించే విండోస్ ప్రోగ్రామ్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. చాలామంది కెర్నల్-పవర్ 41 అనే ఎంట్రీని సాక్ష్యంగా పట్టుకెళ్తారు. మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని తప్ప అది ఇంకేమీ చెప్పదు. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపినా అదే పడుతుంది. వెతకాల్సింది డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ ఎంట్రీలు. ఇవి హార్డ్‌వేర్ ఎర్రర్ల గురించి చెబుతాయి. వాటిలో మొదటిది వారంటీ గడువు లోపల పడి ఉంటే మీ చేతిలో గట్టి ఆధారం ఉన్నట్టే.

ఆ లాగ్‌ను ఇవాళే సేవ్ చేయండి. దానికి సైజు పరిమితి ఉంటుంది, నిండాక పాతవి చెరిగిపోతాయి. "ఒకసారి విండోస్ కొత్తగా వేసి చూడండి" అనే సలహా వస్తే, లాగ్ బయటికి తీశాకే ఒప్పుకోండి. లేకపోతే ఆధారం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

ఇంతకుముందు ఇదే సమస్యతో మెషీన్ ఇచ్చి ఉంటే ఆ జాబ్ షీట్ (సర్వీస్ సెంటర్ రాసిచ్చే కాగితం) బంగారమే. అందులో "లోపం కనబడలేదు" అని రాసినా పారేయకండి. మీరు ఫిర్యాదు చేసిన తేదీ దానిమీదే ఉంది.

3. వారంటీ నిజంగా ముగిసిందా?

కంపెనీ సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి చూడండి. ప్రొడక్ట్ రిజిస్టర్ చేయకపోతే కొన్నిసార్లు ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన తేదీ నుంచే లెక్క వేస్తారు. బిల్లు పంపి తేదీ సరిచేయమని అడగండి. అసెంబుల్ చేయించిన సిస్టమ్ అయితే ఒక్కో పార్టుకు ఒక్కో గడువు: ఎస్‌ఎస్‌డీకి, పవర్ సప్లైకి 5 ఏళ్లో, ఇంకా ఎక్కువో ఉండొచ్చు. బిల్లు కట్టిన బ్యాంకు కార్డుతో అదనపు వారంటీ వచ్చిందేమో కూడా చూడండి.

తెలిసిన లోపాలకు కంపెనీలే గడువు పొడిగించిన సందర్భాలున్నాయి. బటర్‌ఫ్లై కీబోర్డున్న మ్యాక్‌బుక్‌లకు ఆపిల్ 2018లో, మొదట అమ్మిన తేదీ నుంచి 4 ఏళ్ల వరకు ఉచిత రిపేర్ ప్రకటించింది. 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అస్థిరంగా పనిచేస్తున్నాయని తేలాక 2024లో ఇంటెల్ వాటి వారంటీని 2 ఏళ్లు పెంచింది. మీ మోడల్ పేరుతో ఇలాంటి ప్రకటన ఉందేమో వెతకండి.

4. "మీ తప్పే" అంటే

మెషీన్ ఇచ్చే ముందే నాలుగు మూలలూ, పోర్టులూ, స్క్రీనూ వెలుతురులో ఫొటోలు తీయండి. హింజ్ (మూత తెరిచే మడత బందు) ఊడిన కేసుల్లో ఇవి చాలా పనికొస్తాయి. చాలా మోడళ్లలో ప్లాస్టిక్ దిమ్మెల్లో చిన్న ఇత్తడి బుష్‌లు దించి, స్క్రూలు వాటిలో బిగిస్తారు. హింజ్ బిగుసుకుపోతే మూత తెరిచిన ప్రతిసారీ బుష్ ప్లాస్టిక్‌ను లాగుతుంది. చివరికి దిమ్మెతో సహా ఊడొస్తుంది. కింద పడితే సాధారణంగా మూల నొక్కుకుపోతుంది, బయట గీతలు పడతాయి. ఆ గుర్తులు లేవని మీ ఫొటోలు చెప్పాలి.

నీళ్లు పడ్డాయంటే, తడి తగిలితే రంగు మారే లోపలి తెల్ల స్టిక్కర్ ఎర్రగా మారిన చోటూ, బోర్డు మీద తుప్పూ ఫొటో తీసి ఇమ్మనండి. నోటిమాట ఒప్పుకోకండి. అనుమానం ఉంటే బయటి టెక్నీషియన్‌తో ఏ పార్టు పోయింది, ఏం కొలిచి తేల్చారు, కారణమేంటి అన్నవి రాయించి సంతకం తీసుకోండి. ఆ పరీక్షలో ఏదీ సోల్డర్ చేయనివ్వొద్దు. ఒక్కసారి వేడి తగిలిందా, కంపెనీ ఆ బోర్డును పక్కన పెట్టేస్తుంది.

5. రాతలో అడగండి

ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. ఈమెయిల్‌లో కోపం వద్దు, తేదీలు కావాలి:

"ఈ మెషీన్ ఫలానా తేదీన కొన్నాను. వారంటీలో ఉండగా ఫలానా తేదీన స్క్రీన్ మినుకుమినుకుమంటోందని ఇచ్చాను. జాబ్ షీట్ జతచేశాను. అదే లోపం మళ్లీ వచ్చింది. ఉచితంగా బాగుచేసి ఇవ్వాలని కోరుతున్నాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వగలరు."

ఒప్పుకోకపోతే పార్టు ఉచితంగా ఇచ్చి లేబర్ ఛార్జీ మాత్రమే తీసుకోమనండి. చాలా గొడవలు ఇక్కడే తెగుతాయి.

ఇదే ఉత్తరం అమ్మిన షాపుకూ పంపండి. కంపెనీ వారంటీ వేరు, చట్టం ఇచ్చే హక్కు వేరు. యూరోపియన్ యూనియన్‌లో కంపెనీ వారంటీ ఏడాదే ఉన్నా, కొత్త వస్తువులో లోపానికి అమ్మినవారు కనీసం 2 ఏళ్లు బాధ్యులు. మీ దేశంలో నియమం ఏమిటో, వినియోగదారుల ఫిర్యాదుకు గడువెంతో ముందే చూసుకోండి. మెయిళ్లు నడుస్తున్నాయని ఆ గడువు ఆగకపోవచ్చు.

6. చివరికి డబ్బు కట్టే బాగుచేయిస్తే

తీసేసిన పాత పార్టు వెనక్కి అడిగి తీసుకోండి. ఫిర్యాదు ముందుకెళ్తే పరీక్ష చేయాల్సింది దాన్నే. కొత్త పార్టు సీరియల్ నంబరూ, దానికి వారంటీ ఎన్నాళ్లో కూడా బిల్లు మీదే రాయించుకోండి.