ట్యాంక్‌కి కట్టిన బెలూన్ పొద్దున్నకి చప్పబడిందా? డ్రిల్ పక్కన పెట్టండి

సమస్య: విమానం రెక్కలోని ఫ్యూయెల్ ట్యాంక్ సీల్ చేసి, లీకు ఉందేమో చూడ్డానికి గాలి నింపి, వెంట్ ఫిట్టింగ్‌కి (ట్యాంక్‌లోకి గాలి ఆడే గొట్టం మూతికి) బెలూన్ కట్టి పడుకున్నారు, పొద్దున చూస్తే అది వాడిపోయి వేలాడుతోంది. ఇక లోపల చూడ్డానికి డ్రిల్ తీసుకుని వెనక బాఫిల్ (ట్యాంక్‌ని వెనక మూసే రేకు) రివెట్ల మీద పడతారు.

బాబూ, ముందు మూత చూడండి. మూత ఓ-రింగు (రబ్బరు చుట్టు), అడుగున డ్రెయిన్ వాల్వు, సెండర్ (ఇంధనం ఎంతుందో కొలిచే పరికరం) స్క్రూలు, బెలూన్ మెడకి చుట్టిన టేపు. సబ్బునీళ్ళు రాసి కాసేపు ఆగండి, సన్న లీక్‌కి పెద్ద బుడగలు రావు, తెల్లటి నురగ మెల్లగా పేరుకుంటుంది. నాకు చూపించిన "లీకు"ల్లో చాలావరకు ఇక్కడే దొరికాయి, అయినా ఎవరూ ముందు ఇక్కడ చూడరు. గాలి సైకిల్ పంపుతోనే కొట్టండి, కంప్రెసర్ తగిలించొద్దు, ఎందుకంటే 1 పీఎస్ఐ పీడనం అంటే చదరపు మీటరు రేకు మీద దాదాపు 700 కిలోల తోపుడు.

ఇవన్నీ బాగానే ఉన్నాయా? అయితే అసలు దొంగ చలి. దీనివల్లే నేను ఒక మంచి ట్యాంక్‌కి వెనక కన్నం కోసి, లోపల ఎంత వెతికినా ఏమీ దొరక్క, మళ్ళీ ప్యాచ్ వేసుకున్నాను. లెక్క చూడండి: ట్యాంక్‌లో 80 లీటర్ల గాలి ఉంది, సాయంత్రం నుంచి తెల్లారేసరికి 10 డిగ్రీలు తగ్గితే ఆ గాలి రెండున్నర లీటర్ల పైనే కుంచించుకుపోతుంది, చిన్న బెలూన్ మొత్తం పట్టేదే అంత! ఒక్క చుక్క గాలి బయటికి పోకుండానే బెలూన్ ఖాళీ. వాతావరణ పీడనం మారినా ఇంతే, కాకపోతే మామూలుగా చాలా తక్కువ. పైగా రబ్బరు లోంచి కూడా గాలి మెల్లగా పోతుంది కాబట్టి రెండు రోజుల తర్వాత చప్పబడ్డ బెలూన్‌ని అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

తేల్చుకోవడం ఎలాగంటే, ట్యాంక్ రేకుకి థర్మామీటర్ అంటించి, ఎంత వేడి దగ్గర గాలి కొట్టారో రాసుకుని, మళ్ళీ అంతే వేడి ఉన్నప్పుడు చూడండి. అంతే వేడికి బెలూన్ మళ్ళీ లేచి నిలబడితే ట్యాంక్ బాగున్నట్టే. బెలూన్ బదులు నీళ్ళ ట్యూబు (నీళ్ళు పోసిన U ఆకారపు గొట్టం, పీడనం తేడా చూపిస్తుంది) వాడేవాళ్ళకి ఇది ఇంకా ఎక్కువ తెలుస్తుంది, 3 డిగ్రీలకే నీటి మట్టాల తేడా ఇంచుమించు 10 సెంటీమీటర్లు మారిపోతుంది, చూసి గుండె జారిపోవద్దు.

అదే వేడి దగ్గర కూడా లేవలేదంటే అప్పుడు నిజం లీకే. బయట సీలెంట్ (సందులు మూసే జిగురు) పూస్తే నిలవదు, లోపలి నుంచే వేయాలి, పాత సీలెంట్ మీద గరుకు చేసి, జిడ్డు తుడిచి, కొత్తది డబ్బా మీద రాసిన నిష్పత్తిలో బరువు తూచి కలిపి వేయండి, కంటి అంచనాతో కలిపితే ఆరక జిగటగానే ఉండిపోతుంది. ఒక్క రివెట్ దగ్గర మాత్రమే కారుతుంటే, ట్యాంక్‌లోంచి కొద్దిగా గాలి పీల్చి పట్టుకుని బయట నుంచి సీలెంట్ అద్దితే లోపలికి లాక్కుంటుంది. లోపల పోసి తిప్పే పల్చటి సీలెంట్, అంటే స్లోష్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, పెచ్చులు ఊడి ఫిల్టర్ మూసుకుపోయిన ట్యాంకులు ఉన్నాయి.

రేకు పగులు, వెల్డింగ్‌లో సూది రంధ్రం లాంటివి అరుదు, అవి సబ్బునురగకే దొరికిపోతాయి.