వానల్లో క్యారేజీలు మోసే తమ్ముళ్లకు

ఈ రాత్రి డ్యూటీ దిగాక మీ డెలివరీ బ్యాగు జిప్పు తీసి, లోపల ఒకసారి వాసన చూడండి. పుల్లటి వాసన కొడుతోందంటే మూల కుట్టులో ఎప్పటి సాంబారో ఇంకా ఉన్నట్టే. ఒడిశాలోని బరంపురంలో మాది చిన్న మెస్. రెండు పూటలా క్యారేజీలు, పార్సిళ్లు హాస్టళ్లకీ ఇళ్లకీ వెళ్తాయి. మా అబ్బాయిల బ్యాగులు నేనే తిరగేసి చూస్తాను. జూన్‌లో వానలు పట్టుకున్నాయంటే ఆ మూల కుట్టు గురించే నాకు బెంగ.

బ్యాగు పైన తడిస్తే అందరికీ కనిపిస్తుంది, లోపలి తడి కనిపించదు. వేడి అన్నం ఆవిరి బ్యాగు గోడలకు చెమటలా పట్టి కిందికి జారుతుంది, ఒలికిన చారుతో కలుస్తుంది. రాత్రంతా జిప్పు మూసి ఉంచితే అది చాలు, సూక్ష్మక్రిములకు విందు. అందుకే ఇంటికి రాగానే సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో కుట్లు, మూలలు, జిప్పు పళ్లు తుడవండి. మంచినీళ్ల గుడ్డతో ఇంకోసారి. ఎండ ఉంటే ఎండలో పెట్టండి, లేకపోతే జిప్పు బార్లా తెరిచి ఫ్యాను కింద ఆరనివ్వండి. బండి తుడిచే గుడ్డ దీనికి వాడొద్దు. తడిసిన రెయిన్‌కోటు భోజనాల మీద కుక్కొద్దు. గోపాల్‌పూర్ వైపు వెళ్లినప్పుడు ఇంటికని కొన్న పచ్చి రొయ్యలు అదే బ్యాగులో వేసుకోవడం మరీ ప్రమాదం. ఆ నీచు నీళ్లు ఒక్క చుక్క కారి పెరుగన్నం మూత మీద పడినా చాలు.

అన్నం గురించి చాలామందికి తెలియని మాట ఒకటి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. తర్వాత ఎంత వేడిచేసినా ఆ విషం పోదు. వేడి పదార్థం 60 డిగ్రీల పైన, చల్లటిది 5 డిగ్రీల లోపు ఉండాలనేది అందుకే. మన చేతిలో థర్మామీటరు ఉండదు కాబట్టి గడియారం చూసుకోండి. వానలో ఎక్కడో ఇరుక్కుపోయి, వండి దించిన దగ్గర్నుంచి రెండు గంటలు దాటితే ఆ పార్సిల్ ఇవ్వకండి, మెస్‌కి ఫోన్ చేయండి. పారబోయడానికి ప్రాణం ఒప్పదు, నాకూ అంతే. అయినా పారబోయాలి. పెరుగు, మజ్జిగ డబ్బాలు వేడి కూరల పక్కన కాకుండా వేరే సంచిలో పెట్టుకోండి.

ఇక అసలు విషయం. పోయిన వానాకాలం మా దగ్గర పనిచేసే ఒక అబ్బాయి పొద్దున్నుంచి మూడుసార్లు విరేచనాలు అయినా చెప్పకుండా డ్యూటీకి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంటే అడిగాను. "అక్కా, ఇవాళ మానేస్తే ఇవాళ్టి డబ్బులు పోతాయి కదా" అన్నాడు. తప్పు వాడిది కాదు, మాది. అప్పట్నుంచి కడుపు బాగాలేదని చెప్పినవాళ్లకు ఆ రోజుల్లో సగం కూలి ఇస్తున్నాం. వాంతులు, విరేచనాలు పూర్తిగా ఆగాక కూడా 48 గంటలు ఎవరి భోజనమూ ముట్టుకోకూడదు, ఎందుకంటే తగ్గిపోయిందనుకున్న తర్వాత కూడా మలంలో క్రిములు వస్తూనే ఉంటాయి. పచ్చకామెర్లు ఉంటే డాక్టరు సరే అనేదాకా రావద్దు. హెపటైటిస్ ఎ అయితే కళ్లు పచ్చబడకముందే ఇతరులకు అంటుతుంది. మెస్‌లు నడిపేవాళ్లకు నా మనవి కూడా ఇదే: కూలి పోతుందనే టెన్షన్ ఉన్నంతకాలం ఏ అబ్బాయీ మీకు నిజం చెప్పడు.

చేతులకు శానిటైజర్ రాసుకుంటే చాలదు. నూనె, మట్టి అంటిన చేతుల మీద అది సరిగ్గా పనిచేయదు, వాంతుల రోగం తెచ్చే నోరోవైరస్ దానికి అంతగా లొంగదు. బండిలో ఒక సీసా నీళ్లు, చిన్న డబ్బాలో సబ్బుముక్క పెట్టుకోండి. బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, చైను సరిచేశాక, పార్సిల్ అందుకునే ముందు 20 సెకన్లు రుద్ది కడగండి. వేలికి గాయమైతే నీళ్లు దిగని పట్టీ వేసుకోండి. ఫోను కూడా రోజుకోసారి తుడవండి.

తాగే నీళ్లు కాచినవి ఇంటి నుంచే తెచ్చుకోండి. 2022 జూలైలో మా ఒడిశాలోనే రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో కలరా వచ్చి మనుషులు చనిపోయారు. దారిలో దొరికిన బోరింగు దగ్గర సీసా నింపుకునే అలవాటు వానల్లో మానేయాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు జేబులో ఉంచుకోండి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, కొంచెం కొంచెం గ్లాసులో కలుపుకోకూడదు. మూత్రం తగ్గినా, నిలబడితే కళ్లు తిరిగినా 108కి ఫోన్ చేయండి.

వీధుల్లో మోకాలిలోతు నీళ్లు నిలిచినప్పుడు చెప్పులతో దిగకండి, గమ్‌బూట్లు వేసుకోండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు కాలి పగుళ్లకు తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. అలా దిగిన తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు వస్తే, డాక్టరు అడగకపోయినా "మురికి నీళ్లలో దిగాను" అని మీరే ముందుగా చెప్పండి.