ఫిజియోకి ముందు మాత్ర: ఎప్పుడు, ఎంత

బండి స్కిడ్ అయి నా మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ కంటే ఆ తర్వాత కాలు మడిచే పనే నరకం. మొదటి వారం నేను మొండికేసి, నొప్పి నషాళానికి ఎక్కాకే మాత్ర వేసుకునేవాణ్ని, దాంతో ఫిజియో వచ్చేసరికి కాలు ముట్టుకోనిచ్చేవాణ్ని కాదు.

మాత్ర పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. కాబట్టి డాక్టర్ రాసిన మాత్రనే, ఏదైనా తిన్నాక, వ్యాయామానికి ఓ 45 నిమిషాల ముందు వేసుకోండి. గ్యాస్ మాత్ర రాసిస్తే అది మాత్రం పొద్దున్నే పరగడుపున.

చాలామంది పప్పులో కాలేసేది లెక్క దగ్గర. డోలో 650లో ఉండేది 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్. అసెక్లోఫెనాక్, ట్రమడాల్ లాంటి వేరే నొప్పి మందులతో కలిపి వచ్చే మాత్రల్లో చాలావాటిలో ఇంకో 325 ఉంటుంది, చాలా జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది. అన్నీ కలిపి పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, లివర్ సమస్య ఉన్నా, మద్యం అలవాటున్నా, బరువు మరీ తక్కువున్నా అంత కూడా పనికిరాదు, అందుకే షీటు వెనక చిన్న అక్షరాలు చదవండి. డైక్లోఫెనాక్ వేసుకుంటూ అదే రకం నొప్పి మాత్ర ఐబుప్రోఫెన్ కలపొద్దు. కిడ్నీ జబ్బు, అల్సర్, బీపీ, రక్తం పలచబడే మందులు ఉంటే ముందే డాక్టర్‌కి చెప్పండి, మెడికల్ షాపు అబ్బాయికి కాదు. ట్రమడాల్‌తో మత్తు, మలబద్ధకం వస్తాయి, అది వేసుకుని బండి తీయకండి.

ఇక నొప్పిలో రకాలు. లాగినట్టు, పట్టేసినట్టు ఉంటే, నొప్పికి మీరిచ్చే మార్కు పదికి నాలుగు లోపయితే, కొనసాగించొచ్చు. కలుక్కుమన్నా, జివ్వున పాకినా అక్కడే ఆపి ఫిజియోకి చెప్పండి. రాత్రంతా సలిపి, తెల్లారేసరికి వాపు పెరిగిందంటే తగ్గించాల్సింది వ్యాయామం, పెంచాల్సింది మాత్ర కాదు. (మా ఫిజియో ఒప్పుకోడానికి రెండ్రోజులు పట్టిందనుకోండి.) అయ్యాక ఐస్ ప్యాక్ తువాలు చుట్టి 15 నిమిషాలు, నేరుగా చర్మానికి వద్దు.

పిక్క వాచి, వేడిగా నొప్పి పెట్టినా, జ్వరమొచ్చినా, కుట్ల దగ్గర చీము పట్టినా ఆ రోజే ఆసుపత్రికి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108.

నేనైతే మాత్ర వేసుకున్న టైము, ఆ రోజు మోకాలు ఎంత మడిచానో గోడ క్యాలెండర్ మీదే రాసేవాణ్ని. నెల తిరిగేసరికి ఫిజియో ఉన్న రోజుల్లో తప్ప మిగతా గళ్లలో మాత్రలు లేవు, డాక్టర్ అది చూసే మందు తగ్గించారు.