ఎండలు ముదరకముందే: బీపీ, షుగర్ ఇళ్లకు వెళ్లే ఆశా అక్కలకు

పోయిన వారం ఉపాధి హామీ పనిలో ఒకాయన గడ్డపార వదిలేసి కూలబడ్డాడు. అందరూ వడదెబ్బన్నారు. ఆసుపత్రికి పోతే పక్షవాతమని తేలింది. ఇంట్లో చూస్తే బీపీ మాత్రలు సగానికి పైగా అట్లాగే ఉన్నాయి. "నార్మల్ వచ్చిందన్నారుగా, ఇంకెందుకని ఆపేశాడు" అంది భార్య.

నీళ్లు తాగండి, గొడుగు పట్టండి అని చెప్పడానికి మైకులున్నాయి. మనం పట్టుకోవాల్సింది ఈ ఒక్క తప్పునే: నార్మల్ వచ్చిందని మాత్ర మానేయడం. ఆ నార్మల్ మాత్ర వల్లే వచ్చింది. పైగా వేడికి రక్తనాళాలు సడలి, చెమట పోయి, ఎండాకాలంలో బీపీ కాస్త తగ్గే కనిపిస్తుంది. జనం రోగమే పోయిందనుకుంటారు. అందుకే "నార్మలే" అనేసి లేచి రాకండి. "మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి నార్మల్" అని మాట పూర్తి చేయండి.

లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటే మాత్రం కొట్టిపారేయొద్దు. అదే రోజు పీహెచ్‌సీకి పంపండి. డోసు తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు తేలుస్తారు.

షుగర్ వాళ్లది వేరే గోల. గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర మింగి, ఏమీ తినకుండా పనికి పోతే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తడబాటు చూసి దీన్నీ వడదెబ్బనే అనుకుంటారు. స్పృహ ఉంటే 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ పరీక్షించండి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క పోయొద్దు. 108కి ఫోన్ చేయండి.

ఇక ఇవి కూడా:

"వేసుకుంటున్నా" అంటే నమ్మి రాసుకోకండి. మాత్రల షీటు తెప్పించి లెక్కపెట్టండి.

ఆపేశాడని తెలిస్తే తిట్టొద్దు. తిడితే ఈసారి మాత్రలు పారేసి ఖాళీ షీటు చూపిస్తాడు.

ఇటుక బట్టీలకు వలస పోయేవాళ్లకు అక్కడ ఉన్నన్నాళ్లకూ సరిపడా మాత్రలు ముందే ఇప్పించండి.

ఎండలోంచి వచ్చినవాళ్లను 5 నిమిషాలు కూర్చోబెట్టాకే బీపీ చూడండి. టీ, బీడీ తాగి అరగంట దాటాలి.

ఒళ్లునొప్పులకు నొప్పి గోళీలు మింగనివ్వొద్దు. నీరు పోయిన ఒంట్లో అవి కిడ్నీని తింటాయి, బీపీనీ పెంచుతాయి.

బీపీ 180/110 దాటితే రేపు చూద్దామనొద్దు, అదే రోజు డాక్టరు దగ్గరికి పంపండి.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు, వెంటనే 108. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు, లక్షణాలు మొదలైనప్పటి నుంచి 4.5 గంటలే. పసర్లు, పావురం రక్తం అంటూ ఆ గంటలు తినేస్తారు, తిననివ్వొద్దు.

మధ్యాహ్నం ఇళ్లు తిరగొద్దు. మీ బీపీ కూడా చూసుకోండి.

నార్మల్ వచ్చిందని మాత్ర ఆపినవాళ్ల పేర్లు వేరే కాగితంపై రాసుకోండి. రేపు పొద్దున మొదట ఆ ఇళ్లకే.