శాండ్ బ్లాస్టింగ్ పాఠాలు, 3వ భాగం: ముందు గన్ను చూడండి, తర్వాతే కంప్రెసర్

పోయిన పాఠంలో క్యాబినెట్, అంటే గాలి ఒత్తిడితో గరుకు పొడి కొట్టి తుప్పు, మురికి దులిపే మూసిన డబ్బా, దాని లోపల ఏమేం ఉంటాయో చూశాం. ఇవాళ్టిది డబ్బులు పెట్టే పాఠం, కాస్త నిదానంగా చదవండి.

అందరూ ముందు కంప్రెసర్ కొనేసి తర్వాత డబ్బా వెతుక్కుంటారు. నేనూ అంతే. ఒంగోల్లో ఒక షాపులో "రెండు హెచ్‌పీ చాలన్నా, ట్యాంకు పెద్దది ఇస్తాగా" అంటే నమ్మి తెచ్చుకున్నా. పాత బండి ఇంజన్ సైడ్ కవర్ ఒకటి పెట్టి మొదలుపెడితే, అది సగం తెల్లబడేలోపే గాలి చచ్చిపోయింది. పక్కనున్న పంక్చర్ షాపు మేస్త్రి చూసి, "బోరులో నీళ్లు సన్నగా వస్తుంటే తొట్టి ఎంత పెద్దదైతే ఏందబ్బయ్యా" అన్నాడు.

ఆయన మాట లెక్కలో చూద్దాం. చిన్న షెడ్లలో వాడే సక్షన్ రకం గన్నులో, అంటే గాలి విసురుకి పొడిని తనే పైకి లాక్కునే గన్నులో, రెండు బెజ్జాలుంటాయి. బయటికి కనిపించే పెద్దది నాజిల్, లోపల గాలి వచ్చే చిన్నది జెట్. అమ్మేవాళ్లు నాజిల్ సైజు చెప్తారు గానీ గాలి ఎంత తాగుతుందో తేల్చేది జెట్టే. 3 ఎంఎం జెట్ 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర నిమిషానికి 17 నుంచి 20 ఘనపుటడుగులు, అంటే అన్ని సీఎఫ్‌ఎం లాగేస్తుంది. నా రెండు హెచ్‌పీ ఇచ్చేది మహా అయితే 7. ట్యాంకు 160 లీటర్లు, అది 120 నుంచి 70 పీఎస్‌ఐకి దిగేలోపు వదిలే గాలి సుమారు 19 ఘనపుటడుగులే, కాబట్టి నిమిషానికి 11 చొప్పున లోటు పడుతుంటే రెండు నిమిషాలు కూడా నిలవదు. ఆ తర్వాత చేతులు గ్లవుజుల్లో పెట్టుకుని మీటర్ వైపు చూస్తూ నిలబడటమే పని.

అందుకని గన్ను దగ్గర్నుంచి వెనక్కి రండి. జెట్ సైజు తెలుసుకుని, దానికి కావాల్సిన సీఎఫ్‌ఎం మీద పాతిక శాతం కలపండి, పిస్టన్ కంప్రెసర్‌ని గుక్క తిప్పుకోనివ్వకుండా నడిపితే వాల్వులు కాలిపోతాయి కాబట్టి. షాపులో అడగాల్సింది ఎఫ్‌ఏడీ, అంటే కంప్రెసర్ నిజంగా బయటికిచ్చే గాలి, ఎంత అని. బోర్డు మీద రాసే డిస్‌ప్లేస్‌మెంట్ అంకె పిస్టన్ లోపలికి లాగేది, చేతికొచ్చేది అందులో మూడింట రెండొంతుల చిల్లర. మోటారు బట్టి చూస్తే ఒక హెచ్‌పీకి మూడు, మూడున్నర సీఎఫ్‌ఎం అనుకోండి. అంటే 3 ఎంఎం జెట్‌కి ఏడున్నర హెచ్‌పీ, త్రీఫేజ్ కరెంటు. షెడ్డులో సింగిల్ ఫేజే ఉందంటే కంప్రెసర్ మీద మొండిపట్టు వద్దు, జెట్ 2 ఎంఎంకి దించండి, 8 సీఎఫ్‌ఎంతో నడుస్తుంది, 3 హెచ్‌పీ లాగుతుంది. పని ఆలస్యమవుతుంది, అంతే.

చీమకుర్తి క్వారీల్లో వాడేసిన డీజిల్ కంప్రెసర్ చవగ్గా వస్తోంది, తీసుకోమంటారా అని ఒకరు అడిగారు. గాలికి కరువుండదు. డీజిల్ ఖర్చు, ఆ మోత మీరు భరిస్తారా, ఇరుగుపొరుగు భరిస్తారా అన్నదే సంగతి. నేనైతే తీసుకోను.

క్యాబినెట్లో నేను చూసేవి తలుపు రబ్బరు, లైటు, దుమ్ము లాగే ఫ్యాను. ఫ్యాను లేని డబ్బాలో రెండో నిమిషానికి ఏమీ కనపడదు. గన్నుకి ఎర్త్ వైరు ఉండాలి, లేకపోతే చెయ్యి జిల్లుమంటుంది.

పెన్నా ఇసుక జల్లించి పోస్తే పోలా అనుకోకండి. ఇసుకలో ఉండేది సిలికా, పగిలిన పొడి ఊపిరితిత్తుల్లో దిగితే మళ్లీ రాదు. ఈ పనికి ఇసుక వాడకూడదని బ్రిటన్ 1949లోనే నిబంధన పెట్టింది. అల్యూమినియం భాగాలకి గ్లాస్ బీడ్ (సన్నటి గాజు పూసలు), ఇనుప తుప్పుకి అల్యూమినియం ఆక్సైడ్ కొనుక్కోండి, రెండూ మళ్లీ మళ్లీ వాడొచ్చు. మాస్కు ఎలాగూ తప్పదు.

ఇక నీళ్లు. కొత్తపట్నం వైపు సముద్రపు గాలికి, అందులోనూ అక్టోబరు దాటాక, సాయంత్రం ట్యాంకు కింది కాక్ తిప్పితే గ్లాసుడు తుప్పు నీళ్లు వస్తాయి. అవే గన్నులోకి వెళ్తే గ్లాస్ బీడ్ తడి ఉప్పులా గడ్డకట్టి గొట్టంలో ఇరుక్కుంటుంది. వాటర్ సెపరేటర్‌ని ట్యాంకుకి ఆనించి పెట్టకండి, అక్కడ గాలి ఇంకా వేడిగానే ఉంటుంది, తేమ ఆవిరిగానే దాటిపోతుంది. ఏడెనిమిది మీటర్ల ఇనుప పైపు తిప్పి, చల్లారాక పెట్టండి. ఆ పైపు వాలు, మలుపులు వచ్చే పాఠంలో బొమ్మ వేసి చూపిస్తాను.

ఈలోపు గన్ను విప్పి, 3 ఎంఎం డ్రిల్ బిట్టు వెనక వైపు జెట్లో దూర్చి చూడండి. మూడున్నరది కూడా దూరిందంటే గాలి ఖర్చు మూడో వంతు పైన పెరిగినట్టే, ముందు ఆ జెట్ మార్చండి.